ముందు ఫొటో తీయనివ్వండి, క్లాసు తర్వాత

ప్రశ్న: మాది కాకినాడ. పాపకి పదకొండేళ్లు, బాబుకి ఏడు. మా వారు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు, నెలకి రెండుసార్లు వస్తారు. ఆయనకి పెళ్లికి ముందు నుంచీ ఫొటోల పిచ్చి. డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉంది కానీ బాబు పుట్టాక బీరువాలోంచి బయటికి తీసింది లేదు. ఆయన వచ్చిన రెండు రోజులైనా అందరం కలిసి ఏదో ఒకటి చేద్దామని పిల్లలకి ఫొటోగ్రఫీ నేర్పాలనుకున్నాం. మొన్న ఆదివారం బీచ్‌కి వెళ్తే ఆయన అపర్చర్, షట్టర్ స్పీడ్ అంటూ పెద్ద క్లాసు పీకారు. పాప మొహం ముడుచుకుంది, బాబు ఇసుకలోకి పారిపోయాడు. పోనీ ఫోన్‌తో తీయమందామంటే, ఫోన్ చేతికిస్తే మళ్లీ గేమ్‌లేనని నా టెన్షన్. పిల్లల కెమెరాలని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనమంటారా? పాప తను తీసినవి ఇన్‌స్టాలో పెడతానంటోంది. మా అత్తయ్యగారేమో ఊరికే ఫొటోలు తీస్తే ఆయుష్షు తగ్గుతుందంటారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సమాధానం: మీ ఉత్తరం చదివాక నాకు ముందు సంతోషమే కలిగింది. నెలకి రెండుసార్లు ఇంటికొచ్చే తండ్రి, ఉన్న ఆ కాస్త సమయంలో తనకి ప్రాణమైన పనిని పిల్లలకి చూపించాలనుకున్నారు. అంత ఇష్టం ఉంది కాబట్టే తెలిసిందంతా ఒక్క సాయంత్రంలో చెప్పేయాలనిపించింది ఆయనకి. పిల్లలకి మాత్రం అప్పటికింకా ఒక్క అనుమానం కూడా రాలేదు. అడగకముందే జవాబు మొదలైతే ఏ పిల్లలైనా ఇసుకలోకే పరిగెడతారు. కాబట్టి మీ పిల్లలకి ఆసక్తి లేదని అప్పుడే అనుకోవద్దు.

కెమెరా అసలు ఒక్కరు వాడే వస్తువు. ఒకరు చూస్తారు, ఒకరు నొక్కుతారు, మిగతావాళ్లు పక్కన నిలబడతారు. క్యారమ్స్ బోర్డు చుట్టూ కూర్చున్నట్టు దాని చుట్టూ నలుగురూ కూర్చోలేరు. మీ ఇంట్లో నలుగురినీ ఒకచోట చేర్చేది, తీశాక అందరూ కూర్చుని చూసుకోవడమే. తీసేది అరగంటైతే చూసేది గంట ఉండాలి. నేను చెప్పబోయే మిగతావన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఫోన్ సంగతి తేల్చేద్దాం. పాత ఫోన్ ఒకటి ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది కదా, దాన్ని తీయండి. సిమ్ తీసేసి, ఉన్న ఖాతాలన్నీ లాగౌట్ చేసి, గేమ్‌లూ వీడియో యాప్‌లూ తొలగించి, వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయేలా చేయండి. ఇక అది ఫోన్ కాదు, కెమెరా. ఫొటోలు తీయడం తప్ప దాంతో చేయగలిగింది ఏమీ ఉండదు కనుక మీ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. ఇచ్చే ముందు ప్రతిసారీ లెన్స్‌ని మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. జంతికలు తిన్న చేతులతో పట్టుకుంటే లెన్స్ మీద జిడ్డు పేరుకుని ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టు వస్తాయి, అది చూసి పిల్లలు తమకి చేతకాలేదనుకుంటారు.

ఆన్‌లైన్‌లో అమ్మే రంగురంగుల పిల్లల కెమెరాలు నాకు నచ్చవు. చూడటానికి ముద్దుగా ఉంటాయి, తీసిన ఫొటో మాత్రం కాస్త వెలుతురు తగ్గితే చుక్కలు చుక్కలుగా వస్తుంది. చాలావాటిలో గేమ్‌లు కూడా పెట్టి అమ్ముతున్నారు. పాత ఫోన్ దానికంటే ఎంతో నయం.

డీఎస్ఎల్ఆర్ మాట కొస్తే, సముద్రం పక్క ఊళ్లో బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న కెమెరాని ముందు పరీక్ష చేయాలి. లెన్స్ విప్పి, రెండు వైపులా మూతలు తీసి, కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టి అందులోంచి చూడమనండి. లోపలి గాజు మీద సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్ పట్టిందన్నమాట, శుభ్రం చేసే రిపేరు షాపుకి ఇవ్వాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జింగ్ పెట్టొద్దు. అన్నీ బాగుంటే ఇకనుంచి దాన్ని గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు దాచండి. కొందరు బియ్యంలో పెడతారు, వద్దు, ఆ పిండి దుమ్ము లోపలికి పోతుంది. బరువు వల్ల బాబుకి అది చేతిలో నిలవదు, టేబుల్ మీద పెట్టి నొక్కనివ్వొచ్చు. పాప పట్టుకోగలదు, మెడలో పట్టీ ఉంటే చాలు.

వచ్చే ఆదివారం బీచ్ వద్దు. ఇసుక, ఉప్పుగాలి, కళ్లు జిగేల్మనే ఎండ, అన్నీ కలిసి మొదటిసారి పట్టేవాళ్లకి కష్టమైన చోటు అది. ఇంట్లోనే ఒక గదిని కెమెరాగా మార్చండి. నిజంగానే అంటున్నాను. కిటికీలున్న గది ఒకటి చూసుకుని, దళసరి అట్టలతో, దుప్పట్లతో వెలుతురు చొరకుండా మూసేయండి. వీధివైపు కిటికీ అట్టకి మాత్రం రూపాయి బిళ్ల కంటే చిన్న బెజ్జం పెట్టండి. కిటికీ తూర్పు వైపుదైతే మధ్యాహ్నం మూడింటికి, పడమటి వైపుదైతే పొద్దున తొమ్మిదింటికి చేయండి, ఎదురిళ్ల మీద ఎండ పడుతూ ఉండాలి. తలుపు వేసేసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కాసేపు కూర్చుని, బెజ్జానికి నాలుగైదు అడుగుల దూరంలో తెల్ల దుప్పటి పట్టుకోండి. ఎదురింటి మేడ, కరెంటు స్తంభం, వెళ్లే ఆటో, అన్నీ రంగులతో సహా తలకిందులుగా దుప్పటి మీదికి వస్తాయి. ఆకాశం కిందా, రోడ్డు పైనా ఉంటుంది. వెలుతురు తిన్నగానే ప్రయాణిస్తుంది కాబట్టి పైనుంచి వచ్చింది బెజ్జం దాటి కిందికి, కిందనుంచి వచ్చింది పైకి పోతుంది, అంతే. బెజ్జం చిన్నది చేస్తే బొమ్మ స్పష్టంగానూ కాస్త మసకచీకటిగానూ మారుతుంది. రెండు మూడు అట్టలకి వేర్వేరు బెజ్జాలు పెట్టి మార్చి చూపించండి. లెన్స్‌లో వెలుతురు చొరబడే కంతనే అపర్చర్ అంటారు. తర్వాతెప్పుడో నాన్న దాని గురించి చెప్పాల్సొచ్చినప్పుడు, బాబుకి ఆ బెజ్జం గుర్తుకొస్తే సగం పని అయిపోయినట్టే.

హంపీ విరూపాక్ష ఆలయంలో రాజగోపురం నీడ లోపల గోడ మీద తలకిందులుగా పడేది కూడా ఇలా చిన్న కంతలోంచి వచ్చిన వెలుతురుతోనే. ఎప్పుడైనా అటు వెళ్తే తప్పకుండా చూపించండి. అంత దూరం వెళ్లక్కర్లేకుండా కూడా ఒకటుంది. ఎండలో చెట్టు కింద నేల మీద గుండ్రటి వెలుతురు చుక్కలు పడతాయి కదా, ఆకుల సందులు ఏ ఆకారంలో ఉన్నా చుక్కలు మాత్రం గుండ్రంగానే ఉంటాయి. అవన్నీ సూర్యుడి బొమ్మలే. పాక్షిక సూర్యగ్రహణం నాడు చూస్తే అవే చుక్కలు నెలవంకల్లా మారిపోతాయి.

ఆ తర్వాత ఫొటోలు. ఒక్కొక్కరికీ 12 చాలు. పూర్వం రీలుకి 36 వచ్చేవి, అవి అయిపోతే మళ్లీ కడిగించేదాకా ఆగాల్సిందే, అందుకని నొక్కే ముందు ఒక క్షణం ఆలోచించేవాళ్లు. ఫోన్‌కి ఆ హద్దు లేదు కనుక మీరే పెట్టాలి. తీసి నచ్చకపోతే డిలీట్ చేసి ఇంకోటి తీసుకోవడం కుదరదు, తీసింది లెక్కలోకి వచ్చినట్టే. ఈ 12 మీకూ, మీ వారికీ కూడా వర్తిస్తాయి. పక్కన నిలబడి పిల్లలకి సలహాలిచ్చే పెద్దవాళ్లు ఎవరూ ఉండకూడదు, అందరూ తీసేవాళ్లే.

రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌ని టీవీకి కలిపి అందరివీ వరసగా చూడండి. ఇక్కడ ఒకే ఒక నియమం పెట్టమంటాను. తీసినవాళ్లు ముందు మాట్లాడాలి, ఎందుకు తీశారో చెప్పాలి. తల తెగింది, వంకరగా ఉంది, ఊగిపోయింది, ఇలాంటి మాటలు మొదటి నెలలో ఎవరూ అనకూడదు. ఏడేళ్ల పిల్లాడి ఫొటోల్లో ఏముంటుందో మీరు చూస్తారు. డైనింగ్ టేబుల్ అడుగు భాగం, నానమ్మ మోకాళ్లు, గ్యాస్ బండ వెనక ఉన్న చీమల బారు, తలుపు గొళ్లెం కింద నుంచి. వాడి కళ్లు ఉన్న ఎత్తు అది. పెద్దవాళ్లకి రోజూ కనబడని ఇల్లు వాడికి కనబడుతోంది. వాణ్ని కుర్చీ ఎక్కించి మన ఎత్తు నుంచి తీయించాలని చూడకండి. అది చూసి ఒక ఆదివారం మీరిద్దరే వాడి ఎత్తుకి కూర్చుని తీయండి, వాడికెంత గర్వంగా ఉంటుందో చూడండి.

అలా చూస్తున్నప్పుడు పిల్లలే అడగడం మొదలుపెడతారు. అక్క మొహం నల్లగా ఎందుకొచ్చింది? కిటికీకి వీపు పెట్టి నిలబడింది కాబట్టి. అప్పుడు అక్కని అటు తిప్పి, కిటికీకి ఎదురుగా నిలబెట్టి మళ్లీ తీయమనండి, తెర మీద మొహాన్ని వేలితో తాకితే వెలుతురు దాన్ని బట్టి సర్దుకుంటుందని చూపించండి. ఫ్యాన్ రెక్కలు ఎందుకు కనబడటం లేదు? ఇదిగో, మీ వారి క్లాసుకి ఇదీ టైము. పట్టపగలు వరండాలో టేబుల్ ఫ్యాన్ పెట్టి, కెమెరాని స్టూలు మీద కదలకుండా ఉంచి, షట్టర్‌ని, అంటే వెలుతురుని లోపలికి వదిలి మూసుకునే తెరని, సెకనులో 1000వ వంతుకి పెట్టి ఒకటి, 15వ వంతుకి పెట్టి ఒకటి తీయించమనండి. మొదటిదాంట్లో రెక్కలు ఆగిపోతాయి, రెండోదాంట్లో కలిసిపోయి బిళ్లలా కనిపిస్తాయి. ఒక్కో ప్రశ్నకి ఒక్క జవాబే, ఐదు నిమిషాల్లో ముగించాలి. మీ వారికి ఇది కష్టమే, నాకు తెలుసు. కానీ ఆయన మాట్లాడకుండా ఆగిన ప్రతిసారీ పిల్లలు ఇంకో ప్రశ్న అడుగుతారు.

మీ అత్తయ్యగారి గురించి. ఆయుష్షు తగ్గుతుందన్న మాట మన పెద్దవాళ్లు చాలామంది అనేవారు, దాని మీద ఆవిడతో వాదన పెట్టుకోకండి. పట్టుబట్టి తీయొద్దు, దొంగచాటుగా అసలే వద్దు. ఎదుటి మనిషి ఇబ్బంది పడుతుంటే ఫొటో బాగా రాదని ఈ పనిలో ఉన్నవాళ్లకి ఎప్పటి నుంచో తెలుసు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, అక్కడ ఫొటోలు తీసే పనిని ఒక మహిళకే అప్పగించారు. మీ ఇంట్లో ఆ పని మీ పాపది. కొడుకు పెద్ద లెన్స్ పట్టుకుని ఎదురుగా నిలబడితే ముడుచుకుపోయే మనిషి, మనవరాలు పక్కన కూర్చుంటే ఊరుకుంటారు.

మొహం జోలికి పోకుండా చేతులతో మొదలుపెట్టమనండి. వేసవిలో ఆవకాయ పెట్టే రోజుని మించిన పాఠం లేదు. పొద్దున్నే పెరట్లో తడి గుడ్డతో కాయలు తుడవడం, కత్తిపీట కింద టెంకతో సహా కాయ రెండుగా విడిపోవడం, జీడి తీసి పారేయడం, ముక్కలు గుడ్డ మీద ఆరడం, పళ్లెంలో ఆవపిండి పక్కన కారం, పక్కన ఉప్పు, మూడు కుప్పలు మూడు రంగులు. నానమ్మ చెయ్యి మణికట్టు దాకా ఎర్రగా అయి, నూనె మెరుస్తూ ఉంటుంది. ముందు పెరడంతా కనబడేలా దూరం నుంచి ఒకటి తీయాలి, తర్వాత నానమ్మ కూర్చున్న చోటు, తర్వాత ఆ రెండు చేతులు, ఆఖరికి జాడీలోకి పడుతున్న ఒక్క ముక్క. దగ్గరిది కావాలంటే తెర మీద వేళ్లతో సాగదీసి జూమ్ చేయకుండా రెండడుగులు ముందుకు వేయమనండి, సాగదీస్తే బొమ్మ పాడవుతుంది. పెళ్లి ఫొటోగ్రాఫర్లు చేసేదీ ఇదే, హాలంతా, మనుషులు, చేతులు, ఉంగరం. ఆరు ఫొటోల్లో ఆవకాయ కథ చెప్పగలిగితే ఆ పిల్లకి చాలా వచ్చేసినట్టే. అన్నట్టు, ఆ కారం చేతుల దగ్గరికి కెమెరాని తీసుకెళ్లే పని పాపదే, బాబుని కాస్త దూరంగా కూర్చోబెట్టండి.

వాటిని కడిగించి నానమ్మ చేతిలో పెట్టండి. ఫోన్‌లో చూపించడం వేరు, చేత్తో పట్టుకోవడం వేరు. మీ ఊళ్లో ఫొటో స్టూడియోలు ఇంకా ఉన్నాయి, పెన్‌డ్రైవ్ తీసుకెళ్తే కాసేపట్లో ఇచ్చేస్తారు. నెలకి పది ఎంచుకోండి, ఏ పది అన్నది నలుగురూ కూర్చుని తేల్చుకోవాలి, ఆ గొడవే అసలు సరదా. వెనక మెత్తటి పెన్సిల్‌తో తేదీ, ఊరు, ఉన్నవాళ్ల పేర్లు పిల్లలతోనే రాయించండి. ఆ సందర్భంలోనే మీ అత్తయ్యగారి పెట్టెలోని పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు బయటికి తీయించండి. వాటిలో ఎవరెవరో ఇప్పుడు ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. పాప అడుగుతూ పేర్లు రాసుకోవాలి, బాబు ఒక్కోదాన్నీ ఫోన్‌తో తీయాలి. కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట ఫొటోని బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపేసి, ట్యూబ్‌లైటు ఆర్పేసి, ఫోన్‌ని సరిగ్గా దానికి సమాంతరంగా పట్టుకుంటే మెరుపు పడకుండా వస్తుంది. జిగురు ఆల్బమ్‌లో అతుక్కుపోయినవాటిని పీకొద్దు, పైన ప్లాస్టిక్ కాగితం ఎత్తి ఉన్నవి ఉన్నట్టే తీయండి. ఆ పూట మీ అత్తయ్యగారు చెప్పే కథలు వినడానికే సరిపోతుంది.

ఇంట్లో నాలుగైదు ఆదివారాలు అయ్యాక బయటికి వెళ్లండి. మీకు ఉప్పాడ దగ్గరే. జాందానీ నేసే ఇళ్లలో గుంట మగ్గం మీదికి తలుపులోంచో, కిటికీలోంచో పక్క నుంచి వెలుతురు పడుతుంది, ఫొటోకి అంతకంటే మంచి వెలుతురు దొరకదు. కానీ అది వాళ్ల ఇల్లు, వాళ్ల పని వేళ. గుమ్మంలో నిలబడి "పెద్దమ్మా, ఫొటో తీసుకోవచ్చా?" అని పాపే అడగాలి. వద్దంటే నవ్వి నమస్కారం పెట్టి వచ్చేయాలి. ఒప్పుకుంటే మళ్లీ వెళ్లినప్పుడు కడిగించిన ఫొటో ఒకటి తీసుకెళ్లి ఇవ్వాలి. ఇస్తామని చెప్పి ఇవ్వకపోవడం ఫొటోలు తీసేవాళ్లలో చాలామందికి ఉన్న చెడ్డ అలవాటు, మీ పిల్లలకి రానివ్వకండి. కోరింగ మడ అడవిలో చెక్క బాట మీద నడుస్తూ బురదలోని పీతల్నీ, నేల మీదికి పొడుచుకొచ్చిన వేళ్లనీ తీయడం బాబుకి బాగా నచ్చుతుంది, పీతల్నీ వేళ్లనీ అనుమతి అడగక్కర్లేదు, కదలకుండా కాసేపు కూర్చునే ఓపిక మాత్రం కావాలి. వీలైనచోటల్లా పొద్దున ఎనిమిది లోపు వెళ్లండి, లేదంటే సాయంత్రం నాలుగున్నర తర్వాత.

ఇన్‌స్టాలో ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు ఉండాలి, కాబట్టి పాపకి ఇంకా రెండేళ్లు టైముంది. నాన్న వద్దన్నారనకుండా ఆ నిబంధనే చెప్పండి. అలాగే మీరూ ఒకటి పాటించాలి. పిల్లల ఫొటోలు మీ స్టేటస్‌లో పెట్టే ముందు వాళ్లని అడగండి. ఉప్పాడ పెద్దమ్మని అడగమని నేర్పి, మన పిల్లల్ని మనం అడగకపోతే వాళ్లు పట్టేస్తారు. కెమెరా సెట్టింగ్‌లలో లొకేషన్ ఆపేయండి, లేకపోతే మీ ఇల్లు ఎక్కడుందో ప్రతి ఫొటోలోనూ నమోదవుతుంది.

పాపకి తన ఫొటోలు ఎవరికైనా చూపించాలని ఉంది, అది న్యాయమైన కోరికే. చూపించాల్సిన మనిషి హైదరాబాద్‌లో ఉన్నారు కదా. వారం మధ్యలో పిల్లలు ఒక విషయం ఇవ్వాలి, ఉదాహరణకి "తలుపులు", "ఎరుపు రంగు", "ఈ రోజు భోజనం". పిల్లలు ఇక్కడ తీయాలి, నాన్న అక్కడ తీయాలి, శుక్రవారం రాత్రి వీడియో కాల్‌లో ఒకరివి ఒకరు చూసుకోవాలి. నాన్న ఉంటున్న గది తలుపు ఏ రంగులో ఉందో, ఆయన దేంట్లో అన్నం తింటున్నారో పిల్లలకి అలాగే తెలుస్తుంది. మామూలు ఫోన్ కాల్‌లో అవి ఎవరూ అడగరు. కడిగించాలనుకున్నవి మాత్రం వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుకోండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

ఒకవేళ పాప రెండు నెలలకి విసుగుపడి మానేస్తానంటే మాననివ్వండి, బాబు ఒక్కడే కొనసాగించవచ్చు, లేదా బాబు మానేసి పాప కొనసాగించవచ్చు. మానకుండా ఆరు నెలలు గడిచి, ఫోన్‌తో ఇక చాలడం లేదని పాపే అంటే, అప్పుడు కూడా కొత్త కెమెరా కొనకండి. బీరువాలోదే ఇవ్వండి. దాంతో వచ్చిన లెన్స్‌కి ఫంగస్ పట్టి ఉంటే, బాగు చేయించడానికయ్యే ఖర్చు అడిగి చూసి, అది ఎక్కువనిపిస్తే అదే కంపెనీ 50 ఎం.ఎం. లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో వెతకమనండి మీ వారిని. చిన్నది, తేలిక, తక్కువ వెలుతురులోనూ పనిచేస్తుంది, జూమ్ ఉండదు కనుక పాప కాళ్లు కదపాల్సి వస్తుంది. కొనే ముందు దాన్ని కూడా వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసుకోమనండి.